విశేషములు

లాకు గేజీ పుస్తకంలో అయిదు గడులు.
తేదీ, వేళ, ఎగువ మట్టం, దిగువ మట్టం.
అయిదోది విశేషములు.
నాకు ముందు లస్కరుగా చేసిన కొప్పాడి కామేశు
పదకొండేళ్ళూ అందులో "లేవు" అనే రాశాడు.
నేనూ మొదటి నెల అలాగే రాశాను.
రెండో నెల ఒక పొద్దున
"లే" దాకా రాసి తలెత్తితే
గేజీ రాయి మీద, నాలుగడుగుల అంకె దగ్గర
లకుముకి పిట్ట.
నోట్లో చేప, ఇంకా కొట్టుకుంటోంది.
ఇక "వు" రాయడానికి చెయ్యి రాలేదు.

రోహిణి కార్తె.
కాలువ కట్టేసి నలభై రోజులు.
అడుగున మిగిలిన గుంటల్లో మట్టగిడసలు,
గుంటల చుట్టూ కొంగలు, కొంగల వెనక బుట్టలతో పిల్లలు.
ఈ ఎండకి రోళ్ళు పగులుతాయంటారు.
మా లాకు గోడ పగిలింది.
పగుల్లోంచి రావి మొక్క.
పీకెయ్యమని ఆఫీసు నుంచి మూడు ఉత్తరాలు.
మూడుసార్లూ పీకాను.

నీళ్ళు బయల్దేరాయని ఫోను రాకముందే
చీమలు గుడ్లెత్తుకుని గట్టెక్కాయి.
ముందు వాసన వచ్చింది,
తర్వాత నురుగు, ఎండుటాకులు, ఒంటి చెప్పు,
ఆ తర్వాతే నీరు.
పగుళ్ళు నిండేటప్పుడు నేల గుటకలేసింది.
రాత్రికి కప్పలు. నిద్ర లేదు.
(నిద్ర సంగతి రాయలేదు.)

ఆషాఢంలో ఎర్రనీరు.
ఏ కొండ మీది మట్టో, ఏ ఊరి చేనో,
నా మెట్ల మీద వేలెడు మందాన పేరుకుంది.
కాలువ మీదికి వంగిన ఈతచెట్టుకి
గిజిగాళ్ళు గూళ్ళు మొదలెట్టాయి.
పైన కడితే వరద, కింద కడితే లేదు
అంది ఏటిగట్టు బంగారమ్మ.
ఆ ఏడు కిందే కట్టాయి. నమ్మి రాసుకున్నాను.
శ్రావణంలో నీళ్ళు మా వంటింటి రెండో మెట్టెక్కాయి.
గూళ్ళన్నీ పోయాయి.
గిజిగాడి తప్పు అని రాయబోయి
"నేను చూడడంలో తప్పు" అని రాశాను.

కార్తీకంలో తుపాను.
కోతకొచ్చిన చేలు చాపల్లా పడిపోయాయి.
అయిదో రోజుకి ఎండొచ్చింది.
పడ్డ కంకుల మీద లేత మొలకలు,
ఎకరాలకెకరాలు,
ఎవరో పచ్చటి ఊలు పరిచినట్టు.
ఎంత బావుందో.
ఆ మాట మల్లాడి సుబ్బారాయుడు పక్కన నిలబడి అనలేకపోయాను,
అది వాడి చేను.
ఇంటికొచ్చి గడిలో రాశాను.
కొట్టేశాను.
కొట్టేసినా కనబడుతోంది.

పుష్యం. మంచు.
అవతలి గట్టు లేదు, వంతెన లేదు,
టార్చి వెలుతురు చేతి బారుకే తెల్లగోడ.
మెట్లు దిగి గేజీ రాయిని చేత్తో తడిమాను.
తడి ఎక్కడ మొదలయిందో అదే అంకె.
పైన రెక్కల చప్పుడు, ఒకటే ఈల.
"పరజలు" అని రాశాను.
తనిఖీకి వచ్చిన ఏఈ గారు
పేజీలు తిప్పి తిప్పి ఎర్ర సిరాతో రాశారు:
"అనవసరం."
దాని కిందే, ఇంకా చిన్న అక్షరాల్లో,
"పైగా పరజలు ఈల వెయ్యవు. ఎర్ర చిలువలై ఉంటాయి."

దాళ్వా నీటికి గుర్రపుడెక్క అడ్డం పడింది.
కొక్కేలతో ముగ్గురం రెండు రోజులు లాగాం.
గట్టు మీద కుప్పేస్తే
ఎండిపోతూ కూడా ఊదా పూలు పూసింది.
తేనెటీగలకి ఆ కుప్పే తోట.
నా నడుము నొప్పికి అది శత్రువు.
రెండూ ఒకే వరసలో పట్టించాను.

ఈవేళ కాలువ కట్టేశారు.
ఎగువ మట్టం: లేదు.
దిగువ మట్టం: లేదు.
విశేషములు:
గోడ పగుల్లో రావి మళ్ళీ వచ్చింది.
రెండాకులు, ఎర్రగా.
ఉత్తరం ఇంకా రాలేదు.